పడిశం తనదనుకున్న దీవెన

ఒకప్పుడు పడిశానికి ఒక కాలమంటూ ఉండేది కాదు. మామిడిపళ్ల రోజుల్లో వచ్చేది, వరినాట్ల రోజుల్లో వచ్చేది. మిరియాల చారు ఎప్పుడు కాచాలో ఎవరికీ తెలిసేది కాదు. నిజం చెప్పొద్దూ, ఎప్పుడు రావాలో పడిశానికే తెలియదు.

పాపం, దానికి కాళ్లు లేవు, రెక్కలు లేవు. ఎవరైనా తుమ్మితే ఆ తుంపర ఎక్కి ఇంకో ముక్కులోకి చేరాలి. ముక్కు దొరక్కపోతే దాని పని అంతే.

ఒక ఎండాకాలం అది నూకాలు అనే పిల్ల ముక్కులో ఉంది. నూకాలు వాకిట్లో నిలబడి హాచ్చి అని తుమ్మింది. పక్కనే చాప అల్లుతున్న వాళ్ల మామ్మ పైడమ్మ, "చిరంజీవ, నా తల్లే. నూరేళ్లు బతుకు" అంది.

తుంపర మీద పోతున్న పడిశం ఆ మాట వింది. "నాకేనా? నూరేళ్లే?" అనుకుంది. దాన్ని దీవించినవాళ్లు అప్పటిదాకా లేరు మరి. ఆ సంబరంలో పక్కనే ఉన్న మామ్మ ముక్కును కూడా వదిలేసి, మిట్టమధ్యాహ్నం ఎండలోకి ఊరేగింది.

"ఎక్కడికి బయల్దేరావు?" అన్నాడు సూర్యుడు.

"ఎక్కడికైనా పోతాను. నాకు నూరేళ్ల ఆయుష్షు ఇచ్చారు."

సూర్యుడికి ఏమీ అర్థం కాలేదు. తన పని తాను చేశాడు. తుంపర ఇగిరిపోయింది. పడిశం సగం మాడి, దారినపోయే గాజులమ్మే అతని ముక్కులో పడి బతికింది.

తిరిగి తిరిగి వానాకాలానికి మళ్లీ నూకాలు ముక్కుకే చేరింది. మళ్లీ తుమ్ము. మళ్లీ మామ్మ "చిరంజీవ" అంది. ఈసారి పొరపాటు లేదనుకుని పడిశం ధైర్యంగా దూకింది. తడిగాలికి తుంపర ఉబ్బి, బరువెక్కి, దభీమని బురదలో పడింది. నూకాలు బురదలో ఆడి, అదే చేత్తో ముక్కు నలుపుకోబట్టి సరిపోయింది.

"రెండుసార్లు బతకమన్నారు. రెండుసార్లూ చచ్చినంత పనైంది. ఇదేం దీవెన?" పడిశానికి బుర్ర తిరిగిపోయింది.

చలికాలం రాగానే నూకాలు ముక్కులోంచే చలిగాలిని అడిగింది.

"వెర్రిదానా, ఆ దీవెన నీక్కాదు. నీ బారినుంచి పిల్ల బతకాలని" అంది చలిగాలి.

పడిశం భోరుమంది. చలిగాలికి జాలేసింది. "నన్ను చూసినా అందరూ తలుపులేసుకునేవాళ్లే. రా, నా మీద ఎక్కు. నేను పొడిగా ఉంటాను, నీ తుంపర కింద పడకుండా తేలుతుంది" అంది.

ఆ సాయంత్రం నూకాలు అరుగు మీద తుమ్మింది. చలిగాలి పడిశాన్ని తలుపు సందులోంచి లోపలికి దాటించింది. లోపల కిటికీలన్నీ మూసి, కుంపటి చుట్టూ ఏడుగురు భుజం భుజం ఆనించుకుని కూర్చున్నారు. వరసగా ఏడు ముక్కులు. ఎటు పోవాలో తెలియక పడిశం కాసేపు తికమకపడి, చివరికి అన్నింట్లోకీ దూరింది.

రెండు రోజులు తిరక్కుండానే ఇల్లంతా తుమ్ములే. పైడమ్మ ముక్కు తుడుచుకుంటూ, "పాడు చలిగాలి. ఇదే తెచ్చిపెట్టింది. ఆ తలుపు గట్టిగా మూసెయ్యే నూకాలూ" అంది.

"అమ్మా, తలుపు తియ్యండి, తెచ్చిందాన్ని నేనే తీసుకుపోతాను" అని చలిగాలి బయట మొత్తుకుంది. వినేదెవరు?

అప్పటినుంచే పడిశం చలికాలంలో ఎక్కువ. వానల్లోనూ వస్తుంది, దానికి లెక్క ఇంకా సరిగా కుదరలేదు. మనం మాత్రం చలిగాలిని తిట్టుకుంటూ, పడిశాన్ని లోపలే ఉంచుకుని తలుపేసుకుంటున్నాం.