మఠంలో కరెంటు పని

వంటింట్లో గ్రైండర్ షాకు కొడుతోందని మొదట చెప్పింది లస్మవ్వ. పప్పు రుబ్బుతూ అంచు మీద చెయ్యి వేస్తే మోచేతి దాకా జిల్లుమందట.

ఆ మఠం జగిత్యాల పొలిమేరలో ఉంది. విగ్రహం లేదు, గంట లేదు. ఓదెలయ్య అక్కడ పూజలు లేని అచల మార్గం చెప్పే గురువు. పున్నమి పున్నమికి చుట్టుపక్కల ఊళ్ల శిష్యులు వచ్చి, తత్వాలు పాడుకుని, భోంచేసి వెళ్తారు. వంట లస్మవ్వది. మిగతా బాధ్యతలన్నీ విఠల్‌వి.

విఠల్ చాలా ఏళ్లు ఒక బియ్యం గోదాముకు కాపలా ఉన్నవాడు. లారీ ఎక్కే ప్రతి బస్తానూ, దిగే ప్రతి మనిషినీ అనుమానంగా చూడటమే అతని ఉద్యోగం. గోదాము వదిలిపెట్టి మఠానికి వచ్చినా ఆ చూపు వదల్లేదు. తననెవరూ మోసం చెయ్యలేరని అతని ధీమా. గురువు దగ్గర గర్వాలన్నీ వదిలేశాననుకున్నాడు కానీ, దీన్ని గర్వంగా ఎప్పుడూ ఎంచలేదు.

గ్రైండర్ సంగతి విన్నాక ముందు తానే వెళ్లి చూశాడు. కాళ్లకు చెప్పులున్నాయి, చేతులు పొడిగా ఉన్నాయి. వేళ్ల చివర సన్నగా చీమ పాకినట్టయింది, అంతే.

"ఇంతదానికేనా అవ్వా?" అన్నాడు.

పని తప్పించుకోవడానికి చెబుతోందేమోనన్న ఆలోచన కూడా అతనికి రాకపోలేదు. అయినా మర్నాడు ఊళ్లో కరెంటు పని చేసే రాజలింగాన్ని పిలిపించాడు.

రాజలింగం ప్లగ్గు చూశాడు, స్విచ్చు చూశాడు. వంటింటి వెనక్కి వెళ్లి గోడ వారన ఎర్తింగు గుంత దగ్గర కూర్చుని మట్టి గీకాడు. అతను ఎక్కడికి వెళ్తే అక్కడికి విఠల్ వెళ్లి, వెనకాలే నిలబడి అతని చేతులకేసి చూశాడు.

"ఎర్తింగ్ పోయింది సారు. వైరు తుప్పు పట్టి తెగింది. కొత్త గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి కొత్త పైపు దించాలె."

"షాకు వంటింట్ల కొడితే గుంత బయట తవ్వుడేంది?"

"గ్రైండర్ బాడీకి వచ్చిన కరెంటు భూమిలకు పోవాలె సారు. దానికి తొవ్వ లేకుంటే మనిషిల నుంచి పోతది. తడి చేతులతోని ముట్టుకుంటే పానం మీదికి వస్తది. పని అయ్యేదాక అవ్వను అటు పోనియ్యకున్రి."

"పైపు ఎక్కడ దొరుకుతది?"

"బస్టాండు కాడ మా బామ్మర్ది దుకాణం ఉంది."

విఠల్‌కు కావాల్సిన మాట దొరికింది. బావ పని పుట్టిస్తాడు, బామ్మర్ది సామాను అమ్ముతాడు. మళ్లీ చెబుతానని పంపేశాడు. గేటు దాకా వెంట వెళ్లి, సంచి ఒకసారి విప్పమన్నాడు. రాజలింగం ఒక్కొక్క పనిముట్టూ తీసి గట్టు మీద పెట్టాడు. మళ్లీ ఒక్కొక్కటే లోపల వేసుకున్నాడు. సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

తర్వాత విఠల్ కోరుట్ల నుంచి ఫయాజ్ అనే మెకానిక్‌ను పిలిపించాడు. రాజలింగం చెప్పిన మాట అతనికి చెప్పలేదు. వాళ్లూ వాళ్లూ ఒకటవుతారని భయం. అతను వచ్చేలోపు స్విచ్చుబోర్డు మీద మేకుతో సన్నగా గీత పెట్టాడు, మార్చేస్తే తెలియాలని.

ఫయాజ్ గ్రైండర్ విప్పి, మోటారు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

"వైండింగుకు నెమ్మెక్కింది సార్. రీవైండింగు చెయ్యాలి. మోటారు దుకాణానికి తీస్కపోతా."

"తీస్కపోతవా? ఇక్కడ్నే చెయ్యి."

"ఇక్కడెట్ల చేస్త సార్? మిషను దుకాణంల ఉంటది."

దుకాణంలో లోపలి రాగి తీగ తీసేసి నాసిరకం తీగ చుడితే ఎవరికి తెలుస్తుంది? విఠల్ అతన్నీ పంపేశాడు.

ఆ సాయంత్రం గురువు దగ్గర కూర్చుని చెప్పుకున్నాడు. "గ్రైండర్ ఒకటే అయ్యా. ఒకడు ఎర్తింగు అంటడు, ఒకడు మోటారు అంటడు. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలె. నాకైతే ఇద్దరి మీద నమ్మకం లేదు. ఇంకొకల్ని చూస్తున్న."

ఓదెలయ్య విన్నాడు.

లస్మవ్వ మాత్రం రుబ్బడం మానలేదు. పున్నమి దగ్గరపడుతోంది, గారెలకు మినప్పప్పు నానబోస్తూనే ఉండాలి. కాళ్ల కింద చెక్కపీట వేసుకుని, కట్టెతో స్విచ్చు నొక్కేది. ఏమాయె బిడ్డా అని అడిగినప్పుడల్లా, చూస్తున్న అవ్వా అనేవాడు విఠల్.

ఒకనాడు పిండి తీస్తుండగా ఆమె కాలు పీట మీంచి జారి తడి నేల మీద పడింది. చెయ్యి విసిరికొట్టినట్టయి గిన్నె ఎగిరిపోయింది. అదృష్టం, చెయ్యి అంటుకుపోలేదు. కేక విని అందరూ వచ్చేసరికి ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదవులు తెల్లబడ్డాయి. డాక్టరు వచ్చి గుండెకు ఏమీ కాలేదన్నాడు. కుడి చెయ్యి మాత్రం భుజం దాకా లేవడం లేదు.

"రేపే మంచి మనిషిని పట్టుకొస్త," అన్నాడు విఠల్.

ఓదెలయ్య నేల మీద పడిన పిండి వంక చూసి లోపలికి వెళ్లాడు.

తెల్లవారాక గురువు బావి దగ్గర స్నానం చేసి, తడి ధోవతితోనే వంటింట్లోకి వెళ్లాడు. కాళ్లకు చెప్పుల్లేవు. పీటను పక్కకు జరిపి గ్రైండర్ ముందు కూర్చున్నాడు. నానిన పప్పు దగ్గరికి లాక్కున్నాడు. ఆయన ఒంటి మీంచి కారిన నీళ్లు నేల మీద మడుగు కట్టాయి.

లస్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విఠల్‌ను పిలిచింది. విఠల్ పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యా, లేవున్రి."

"లస్మవ్వ చెయ్యి లేస్తలేదు. పున్నమికి జనం వస్తరు. నేను రుబ్బుత."

"అది షాకు కొడుతది అయ్యా."

"నువ్వు ముట్టుకుని చూసినవట. ఏం లేదన్నవట."

"అప్పుడు చెప్పులున్నయి. తడి ఒంటితోని ముట్టుకుంటే పానం పోతది."

ఓదెలయ్య అతనికేసి చూశాడు.

"ఈ మాట నీకెవలు చెప్పిన్రు?"

విఠల్ చూపు స్విచ్చు మీదికి పోయింది.

"ఎవలు చెప్పిన్రు విఠలూ?"

"రాజలింగం చెప్పిండు అయ్యా."

"ఆయన మీద నీకు నమ్మకం లేదన్నవు కదా."

అలా అంటూనే గురువు స్విచ్చు వైపు చెయ్యి చాచాడు. విఠల్ వాకిట్లోకి ఉరికి, మెయిన్ స్విచ్చు కిందికి లాగేశాడు. మఠమంతా కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయిన నిశ్శబ్దంలో అతను అక్కడే మెయిన్‌కు అడ్డంగా నిలబడ్డాడు.

లోపలి నుంచి గురువు గొంతు వినపడింది. "పప్పు నానింది. కరెంటు వెయ్యి."

"వెయ్యను అయ్యా," అన్నాడు విఠల్. గురువు మాటకు ఎదురు చెప్పడం అతనికి అదే మొదలు.

ఆ మాట అని, ఫ్యూజు పీకి చేతబట్టుకుని ఊళ్లోకి బయల్దేరాడు. పద్మశాలి వాడలో ఒక ఇంట్లో రాజలింగం నిచ్చెన మీద నిలబడి ఫ్యాను బిగిస్తున్నాడు. విఠల్‌ను చూసినా పని ఆపలేదు.

"నేను రాను సారు. నా చేతులు చూసిన్రు గని, నేను చూపెట్టిన వైరు చూడలె."

"నిజమే. చూడలె."

"సంచి విప్పిచ్చిన్రు."

"విప్పిచ్చిన. తప్పు చేసిన." విఠల్ నిచ్చెన కింద నిలబడి తల పైకెత్తి చెప్పాడు. "నువ్వు చెప్పినట్టే అయింది. లస్మవ్వకు చెయ్యి లేస్తలేదు."

రాజలింగం స్క్రూ బిగించడం ఆపాడు. కిందికి దిగాడు. దారిలో, ఇంకెవరికైనా చూపించారా అని అడిగాడు. ఫయాజ్ చెప్పింది విఠల్ ఏమీ దాచకుండా చెప్పాడు.

"మోటారు సంగతి ఆయన చెప్పిందే నిజమైయుంటది," అన్నాడు రాజలింగం. "నేను మోటారు విప్పనే లేదు. మీరు నెత్తి మీద నిలబడితే ఎప్పుడు బయట పడుదునా అనిపిచ్చింది. నాకు కనపడ్డది చెప్పి పోయిన. అట్ల పోవద్దుండె. మోటారు కరెంటు వదులుతది, ఎర్తింగు దాన్ని పట్టుకోదు. రెండూ పోయినయి సారు."

రెండూ నిజమే కావచ్చన్న ఆలోచన అన్నాళ్లూ విఠల్‌కు తట్టలేదు.

కబురు పెడితే ఫయాజ్ వచ్చి మోటారు విప్పి బండి మీద పెట్టుకున్నాడు. విఠల్ ఏమీ అడగలేదు. కానీ బండి మలుపు తిరిగేదాకా అతని చూపు దాని వెంటే వెళ్లింది. రాజలింగం గుంత తవ్వుతుంటే విఠల్ బొగ్గు మోసుకొచ్చి, ఉప్పు పోసి, నీళ్లు పోశాడు. పైపు బామ్మర్ది దుకాణం నుంచే వచ్చింది. తిప్పి తిప్పి చూశాడు. మంచి పైపే.

మోటారు తిరిగొచ్చింది. బిగిస్తుండగా ఓదెలయ్య వచ్చి వంటింటి గడప మీద కూర్చున్నాడు. విఠల్ ఆయన పక్కన నిలబడి, కరెంటు పనివాళ్లకు వినపడకుండా అడిగాడు.

"అయ్యా, అందర్నీ నమ్మితే మోసపోనా?"

"మోసపోతవు," అన్నాడు ఓదెలయ్య. "అప్పుడప్పుడు."

"మరి అనుమానం ఉండద్దా?"

గురువు అక్కడ చూడమన్నట్టు గ్రైండర్ వైపు గడ్డం ఎత్తాడు.

రాజలింగం స్విచ్చు వేశాడు. జేబులోంచి టెస్టర్ తీసి గ్రైండర్ అంచుకు ఆనించాడు. కరెంటు తగిలితే వెలగాల్సిన చిన్న బల్బు వెలగలేదు. స్క్రూ మీద పెట్టాడు. వెలగలేదు. ప్లగ్గు సాకెట్లో ఒకసారి పెట్టి చూస్తే వెలిగింది, టెస్టర్ బాగానే ఉంది. మళ్లీ గ్రైండర్ మీద పెట్టాడు. వెలగలేదు. టెస్టర్ జేబులో వేసుకుని, అరచెయ్యి మొత్తం గ్రైండర్ మీద ఆనించి, పప్పు తెమ్మని లస్మవ్వతో అన్నాడు.

"చూసినవా?" అన్నాడు ఓదెలయ్య.

"చూసిన అయ్యా. బల్బు వెలగలె."

"నేను చూడుమన్నది అది కాదు. వెలగలేదని తెలిసినంక టెస్టరు జేబుల పెట్టుకుని చెయ్యి ఆనిచ్చిండు."