ఇంగిరమ్మ సూట్‌కేసు

భీమిలిలో చయనులు గారి దగ్గర వేదాంత పాఠానికి వెళ్ళేవాళ్ళం ఏడెనిమిది మందిమి, అందరం రిటైరైనవాళ్ళమే. ఎవరేం అడిగినా ఆయన వెంటనే బదులు చెప్పరు. ముందు తీరిగ్గా వక్క కత్తిరించుకుని నోట్లో వేసుకోవాలి. ఆ కాసేపూ అడిగినవాడు నేరం చేసినవాడిలా కూర్చోవాలి.

మొన్న ఆ వంతు భానోజీరావుది. కరెంటాఫీసు వదిలినా మనిషిని కంగారు వదల్లేదు. "గురువుగారూ, ఈ ఒళ్ళు అద్దె కొంప అన్నారు. ఎప్పుడు ఖాళీ చెయ్యమంటారో తెలీదు. అలాంటప్పుడు ఇందులో హాయిగా ఎలా ఉంటామండీ? నాకు నిద్ర పట్టడం లేదు" అన్నాడు. ఎప్పుడూ ఆటపట్టించే మేము కూడా అతని వైపు జరిగి కూర్చున్నాం.

చయనులు గారు వక్క నములుతూ, "మా పక్కింటి ఇంగిరమ్మకీ పట్టేది కాదు" అని మొదలుపెట్టారు.

ఆవిడ అసలు పేరు ఇంగ్రిడ్. నార్వేలో పంతులమ్మగా చేసి, మిగిలిన కాలం ఈ సముద్రం పక్కనే అనుకుని వచ్చేసింది. మూడేళ్ళలో తెలుగొచ్చింది, చేపల పులుసు ఒంటబట్టింది, ధైర్యం మాత్రం రాలేదు. పొద్దున లేస్తూనే తమ క్రోన్‌కి మన రూపాయలెన్నో ఫోన్‌లో చూసుకునేది. రేటు పెరిగితే వంజరం చేప, తగ్గితే ఉప్మా. ఈమధ్య వీసా పొడిగింపుకి దరఖాస్తు పెట్టింది. రూల్సు మారాయని ఒకరు, నీ పెన్షన్ చాలదంటారని ఇంకొకరు, తలా ఒక మాట అని ఆవిడ గుండెల్లో రాయి వేశారు. పొమ్మంటారేమోనని సూట్‌కేసు ఎప్పుడూ మంచం పక్కనే తెరిచి ఉండేది. బట్టలన్నీ అందులోనే, బీరువా ఖాళీ. పోయిన భర్త ఫొటో కూడా స్వెట్టర్ల మడతల్లోనే ఉండేది. గోడకి ఒక్క మేకు కొట్టలేదు, మహాతల్లి.

ఒకనాడు పొద్దున్నే ఆ ఇంట్లోంచి కేక. చయనులు గారూ, చేపలమ్మే పైడమ్మా పరుగెత్తారు. చూద్దురు కదా, సూట్‌కేసులో ఉన్ని స్వెట్టర్ల మీద పిల్లి ఈని పడుకుని ఉంది. పక్కన ఇంకా కళ్ళు తెరవని కూనలు.

"రేపే వీసా ఆఫీసుకి రమ్మన్నారు. వాళ్ళు పొమ్మంటే నా బట్టలు ఎందులో పెట్టుకోవాలి?" అంది ఇంగ్రిడ్, ఏడుపొక్కటే తక్కువగా.

"పొమ్మన్నప్పుడు సూసుకుందాం. ముందు దానికి కాసిన్ని పాలు పొయ్యండమ్మా" అంది పైడమ్మ. "పిల్లల్ని ముట్టుకోకండి. అదే ఏడిళ్ళు తిప్పుతాది."

"ఏడిళ్ళా! దానికి పర్మిషన్ ఎవరిస్తారు?"

"అడిగితే కదేటి!"

ఇంగ్రిడ్ మంచం కోడు పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత పిల్లిని కదపకుండా చుట్టూ ఉన్న బట్టలు మెల్లగా లాగి బీరువాలో సర్దింది. ఫొటో పెట్టడానికి పైడమ్మ చేత గోడకి మేకు కొట్టించింది. ఆ పూట క్రోన్ పెరిగిందో తగ్గిందో చూడనేలేదు. మధ్యాహ్నం వంజరం పులుసు వండి, పైడమ్మకీ పిల్లికీ పెట్టి తను తింది.

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూనే వీధి వీధంతా హల్వా పంచింది. "ఎన్నేళ్ళిచ్చారమ్మా?" అని చయనులు గారు అడిగారు.

"ఆరు నెలలు!"

అంతేనా అన్నట్టు చూశారట ఈయన. ఆవిడ ఊరుకుంటేనా! "అలా చూస్తారేంటి మాస్టారూ? ఆరు నెలల్లో పిల్లికూనలు ఎంతెంత అవుతాయో మీకు తెలుసా?" అని దబాయించిందట.

మేమంతా పగలబడి నవ్వాం. భానోజీరావు మాత్రం నవ్వలేదు. "ఆ ఆరు నెలలూ అయిపోయాక?" అన్నాడు.

చయనులు గారు గట్టిగా మాట్లాడవద్దని సైగ చేసి, తన వెనక మూత తీసి ఉన్న పుస్తకాల పెట్టె చూపించారు. అందరం మెడలు చాచాం. లావుపాటి భాష్యాల మీద, ఆయన పాత ఉత్తరీయం మీద, తల్లీ పిల్లలూ ఒకదాన్నొకటి కరుచుకుని పడుకున్నాయి. భానోజీరావు మొహం చిన్నపిల్లాడి మొహంలా విప్పారింది. ఎన్నాళ్ళయిందో ఆ మొహం చూసి! నాకు భలే సంతోషం వేసింది.

"ఇది ఎన్నో ఇల్లండీ?" అని గుసగుసగా అడిగాడు.

"దానికి లెక్కలు రావు నాయనా" అన్నారు చయనులు గారు. "పాలివ్వడం మాత్రం ఏ ఇంట్లోనూ మానలేదు."