పల్లకీలో ఇంగ్లీషు పాఠం

మన తాతల నాడు చిలకకొండ అని ఓ బుల్లి సంస్థానం ఉండేది. దాని రాజు సర్వలోకరాయ బహద్దరుగారికి పేరు పొడుగు, నడక సున్న. పడకగది నుంచి భోజనశాలకు కూడా పల్లకీలోనే వేంచేసేవారు. నేల మీద పాదం మోపితే పరువు అరిగిపోతుందని ఆయన భయం.

అలాంటి మహానుభావుడికి ఇంగ్లీషు నేర్పే గండం దుబాసీ కూర్మయ్యకు పట్టింది.

క్రితం ఏడు కలెక్టరు దొర వచ్చి, తోటలో 'వాక్' చేద్దామన్నాడు. దొర మాట కాదనలేక రాజావారు పల్లకీ దిగి, వాక్ అంటే పరుగనుకుని, పంచె ఎగ్గట్టి పరుగు లంకించుకున్నారు. దొరసాని విసనకర్ర చాటున నవ్వింది. ఆ నవ్వు రాజావారికి ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఈ శుక్రవారం ఆ దంపతులు మళ్లీ వస్తున్నారు.

"వాక్ అంటావు, మార్చ్ అంటావు, రన్ అంటావు, జంప్ అంటావు. అన్నీ కదలడమేగా? ఏది ఏదో తల తిరిగిపోతోందయ్యా!" అన్నారు రాజావారు.

"వాక్ అంటే నడక ప్రభూ, రన్ అంటే పరుగు..."

"నడకైనా పరుగైనా అది బోయీల గొడవ. నేను కూర్చునే ఉంటానుగా! రేపటిలోగా, పల్లకీ దిగకుండా, నాకు తేడా తెలియాలి. లేదా నీ కొలువూ, కొలువుతో ఇచ్చిన ఇల్లూ వదులుకో."

ఆ ఇంట్లోనే కూర్మయ్య కూతురు పురిటికి వచ్చి ఉంది. పాపం, తిన్నగా బోయీల పెద్ద సింహాద్రి దగ్గరకు వెళ్లాడు.

"మాకింగిలీసేటి తెలస్తాది బాబూ?" అన్నాడు సింహాద్రి.

"నాలుగు మాటలేరా. నోటితో కాదు, కాళ్లతో నేర్చుకోండి."

పొద్దు గూకేలోగా వాళ్లు నేర్చేసుకున్నారు.

మర్నాడు రాజావారు పల్లకీ ఎక్కారు. "అరగడియ సేపు బోయీలకు తెలుగు వినపడదు, ఇంగ్లీషే వినపడుతుంది. సెలవేనా ప్రభూ?" అని అడిగాడు కూర్మయ్య.

"ఓ! దానికేం?" అని, రాజావారు దర్జాగా మీసం దువ్వి, "రన్!" అన్నారు.

పల్లకీ దూసుకుపోయింది. తలపాగా ఒక పక్కకు, తాంబూలం పెట్టె మరో పక్కకు ఎగిరాయి.

"ఆగండిరా!" అని అరిచారు. ఎవరూ వినలేదు. "మార్చ్!" అన్నారు. బోయీలు దభీ దభీమని అడుగులు వేశారు. రాజావారి పళ్లు టకటకలాడాయి.

"అయ్యో, ఇది కాదు! ఆ మెత్తనిది ఏదిరా... వాక్! నో రన్! నో మార్చ్! వాక్, వాక్!"

పల్లకీ ఉయ్యాలలా నెమ్మదించింది. రాజావారు నడుము పట్టుకుని, ఆయాసంతో, పక్కనే పరుగెత్తుకొచ్చిన కూర్మయ్యకేసి ఉరిమి చూశారు.

"తమరు పల్లకీ దిగలేదు, మూడు మాటలకూ తేడా చెప్పేశారు," అన్నాడు కూర్మయ్య చేతులు కట్టుకుని. "ఆర్నెల్లు తమ చెవికి చెప్పాను ప్రభూ, ఎక్కలేదు. ఇవాళ నడుముకు చెప్పించాను."

రాజావారి మీసం అదిరింది. కోపమేమోనని అందరూ బిక్కచచ్చిపోయారు. ఆయన పకపకా నవ్వేశారు. ఇల్లు కూర్మయ్యకే రాసిచ్చారు, బోయీలకు తలా ఒక జరీ పాగా ఇప్పించారు.

"నాలుగోది ఇంకా మిగిలింది ప్రభూ, జంప్. ముందర కాలవ కూడా ఉంది," అన్నాడు కూర్మయ్య.

"వద్దయ్యా! అది నీ మాట మీద నమ్ముతాను," అంటూ రాజావారు గభాలున పల్లకీ దిగి, కోటకు నడిచి వెళ్లిపోయారు.