రత్తమ్మ సంచీకి నక్క సోదా

జమ్ము సరస్సు మీద విమానమంటే గూడబాతు రత్తమ్మే. ఎలుకల్నీ ఉడతల్నీ గొంతుసంచీలో కూర్చోబెట్టుకుని అవతలి ఒడ్డున వేరుశెనగ చేలల్లో దింపేది. ఛార్జీ అంటారా, రెక్కల్లో పేలు ఏరిపెడితే చాలు.

ఒకనాడు ఎవరి మూటలోనో దూరిన తేలు గాల్లో ఉండగా ఆవిడ గొంతులో కుట్టింది. పాపం, రత్తమ్మ కెవ్వుమని నీళ్ళలో కూలింది. అందరూ ఎలాగో ఈదుకుంటూ బయటపడ్డారు గానీ రత్తమ్మకు ఆ భయం వదల్లేదు.

"నేనుండగా బెంగెందుకక్కా? సోదా నాకొదిలెయ్!" అంటూ నక్క గవర్రాజు దిగాడు.

ఇక చూడాలి వాడి హడావుడి! మూట విప్పు, తోక దులుపు, చెవి మడిచి చూపించు. జామపండు కనిపిస్తే "అమ్మో, ప్రమాదం" అని లాక్కుని అక్కడే నమిలేసేవాడు. ఎండలో వరుసలో నిలబడలేక సగంమంది సరస్సు చుట్టూ గట్టెంట నడిచిపోసాగారు.

"చూశావా అక్కా, మళ్ళీ ఒక్క తేలైనా ఎక్కిందా?" అని మీసం దువ్వేవాడు.

నిజమే కదా అని రత్తమ్మ మురిసిపోయేది. ఒకరోజు ఓ ఉడత ఏడుస్తూ వచ్చింది.

"అత్తా! మా అన్న నడిచెళ్ళి చేరనేలేదు. గట్టెంట పోయినవాళ్ళెవరూ చేరట్లేదు!"

రత్తమ్మ లెక్క వేసుకుంది. తేలు ఒక్క ప్రాణం తీయలేదే! మరి ఈ సోదా ఎంతమందిని మింగింది?

మర్నాడు ముళ్ళపంది వీరన్నను పిలిచి, ముళ్ళు కనబడకుండా గడ్డి కప్పి గట్టెంట పంపింది. కాసేపటికి జమ్ములోంచి ఒకటే గావుకేక! మూతినిండా ముళ్ళతో గవర్రాజు బావమరిది వచ్చి పడ్డాడు.

"బావా! ఇక్కడ విసిగించి మెత్తనివాళ్ళని నావైపు తోలతానన్నావు, ఇదేం ఘోరం? రోజూ నీ వాటా నీకు పంపట్లేదా?"

వరుసంతా గుడ్లప్పగించింది.

"ఎవడో పిచ్చోడక్కా, నాకు తెలీదు!" అంటూ గవర్రాజు జారుకోబోయాడు. రత్తమ్మ ముక్కుతో నెత్తిన ఒక్కటి మొట్టింది. వెనక ఎలుకలన్నీ రాళ్ళు విసురుతుంటే బావా బావమరుదులు కుంటుకుంటూ పారిపోయారు.

రత్తమ్మ సంచీ తెరిచి కూర్చుంది. "మూట ఒక్కసారి దులిపి ఎక్కండి, చాలు. తేలు మళ్ళీ రాదని మాటివ్వలేను. వచ్చినా గట్టుకంటే నా సంచీయే నయం."

నీతి: కాపలా ఎంతమందిని కాపాడిందో చూస్తే చాలదు, ఎంతమందిని ఆపదలోకి తోలిందో కూడా చూడాలి.