నలభై రోజుల మేకు

కృపాదానం మాస్టారు పాత గిటారు ఏది కొన్నా నలభై రోజుల దాకా దాని జోలికి వెళ్లరు. అమ్మినవాళ్ల పేరు, తేదీ ఒక చీటీ మీద రాసి, గిటారు మెడకి దారంతో కట్టి, కొట్టు లోపలి గదిలో మేకుకి తగిలిస్తారు. దుమ్ము తుడవరు, తీగ మార్చరు, ఎవరడిగినా చూపించరు. గుంటూరులో పాత వాద్యాలు కొని అమ్మే నలుగురైదుగురూ ఈ సంగతి చెప్పుకుని నవ్వుకుంటారు. నవ్వితే నవ్వనీ, వాళ్ల నోరు వాళ్లిష్టం. నేను ముప్ఫై ఏళ్లుగా ఆ కొట్లోనే ఒక మూల కూర్చుని హార్మోనియాలు బాగుచేసుకుంటున్నాను. ఆ మేకు ఎందుకొచ్చిందో నాకు తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే ఆ కథలో నా పాపం కూడా కొంత ఉంది.

మొన్న జూన్‌లో కెజియా అడిగేసింది. కెజియా ఒంగోలులో పాటల టీచరుగా చేసేది. ఆ ఉద్యోగం మానేసి, సొంతంగా పాత గిటార్ల కొట్టు పెట్టుకోవాలని రెండేళ్లుగా మాస్టారి దగ్గర పని నేర్చుకుంటోంది. చురుకైన మనిషి. గిటారు చేతిలోకి తీసుకుని మెడ వంగిందా, చెక్క విచ్చిందా, మెడ మీద అడ్డంగా ఉండే సన్న కడ్డీలు, అదే ఫ్రెట్లు, ఎంత అరిగాయి అని చూసి రెండు నిమిషాల్లో ధర చెప్పేస్తుంది. ఆ ధర మార్కెట్‌లో వందకి అటూ ఇటూగా సరిపోతుంది కూడా. అలాంటి మనిషికి కాలేజీలు తెరిచే రోజుల్లో, బేరాలు వాకిట్లోకి వచ్చి నిలబడే రోజుల్లో, ఆరు గిటార్లు చీటీలు కట్టించుకుని మేకులకి వేలాడుతుంటే చెయ్యి దురద పెట్టదూ మరి.

“తప్పుగా అనుకోకండి మాస్టారూ,” అంది. “కొన్న రోజునే అరిగిన ఫ్రెట్లు మార్చి, గీతలు పోయేలా పాలిష్ కొడితే ఒక్కోదానికి రెండింతలొస్తుంది. మీరేమో నలభై రోజులు వాటిని తుప్పు పట్టనిస్తారు. వాడిన గిటారుకి ధర పెంచడం ఎలాగో మీ దగ్గర నేర్చుకుందామని వచ్చాను. ఇదేం పద్ధతండీ?”

మాస్టారికి కోపం రాలేదు. ఆయనకి కోపం వచ్చినా బయటపడదు, అది వేరే సంగతి. చేతిలో ఉన్న ఆకురాయి కింద పెట్టి, “నేనూ ఒకసారి పెంచానమ్మా,” అన్నారు. తర్వాత నాలుగు ముక్కల్లో ఆ సంగతి చెప్పారు. ఆయన మాటలు మరీ పొదుపు. నేను కళ్లారా చూసింది మధ్య మధ్యలో కలిపి చెబుతాను, లేకపోతే మీకు బొత్తిగా అర్థం కాదు.

పద్దెనిమిదేళ్ల కిందటి మాట. శాంతకుమారి అని ఒకావిడ గిటారు పట్టుకుని కొట్టుకొచ్చింది. అది ఆవిడ భర్త ఏలీయాది. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసేవాడు, ఆదివారాలు చర్చిలో వాయించేవాడు. పచ్చకామెర్లు ముదిరి ముప్ఫై ఆరేళ్లకే పోయాడు. మాకందరికీ బాగా తెలిసినవాడే. అతనిది ఎడమచేతి వాటం. అందరి గిటార్ల మెడలూ ఒక వైపుంటే అతనిదొక్కటే అవతలి వైపుండేది. అందరిలా కొన్న మామూలు గిటారునే తిరగేసుకుని, తీగలు ఆనే ఎముక పట్టీని చాకుతో తనే కోసుకుని, మందం తీగలు తన బొటనవేలి వైపు వచ్చేలా తిప్పి కట్టుకున్నాడు. ఇరవై ఏళ్లు అలాగే వాయించాడు. గోళ్లు తగిలి తగిలి, మామూలుగా ఎవరి గోరూ తగలని చోట చెక్క అరిగి తెల్లబడింది.

వాళ్ల పిల్ల హెప్సిబాకి అప్పటికి ఏడేళ్లు. దానిదీ తండ్రి వాటమే. మనిళ్లల్లో సంగతి తెలిసిందేగా. ఆ పిల్ల ఎడమ చేత్తో ముద్ద ఎత్తినా, పలక మీద గీత గీసినా శాంతకుమారి ఆ చేతి మీద ఒక్కటిచ్చేది. రేపు పెళ్లి పందిట్లో ఎడమ చేత్తో తింటే నలుగురిలో తల కొట్టేసినట్టుంటుందని ఆవిడ బాధ. ఏలీయా మాత్రం నవ్వేసేవాడట. “పోనీవే, నా చెయ్యి దానికొచ్చింది,” అనేవాడట. జబ్బు పడ్డాక మంచం మీదే కూర్చోబెట్టుకుని, తీగలన్నీ కలిసి మోగేలా రెండు వేళ్లతో పట్టే ఒక్క కార్డు ఆ పిల్లకి నేర్పాడు. అంతకంటే నేర్పడానికి రోజులు మిగల్లేదు.

“గోడ మీద ఇది కనిపిస్తుంటే నాకు ముద్ద దిగడం లేదండీ. ఎంతో కొంతకి తీసేసుకోండి,” అంది శాంతకుమారి.

మాస్టారు వ్యాపారస్తుడిగా ఉన్న మాటే చెప్పారు. ఎడమచేతి గిటారు ఎవరూ కొనరని, అరుగుదల కూడా ఎక్కువగా ఉందని, ఎనిమిది వందలిస్తానన్నారు. ఆవిడ మారుమాట లేకుండా తీసుకుని వెళ్లిపోయింది.

ఆ మర్నాడే మాస్టారు పని మొదలుపెట్టారు. ఏలీయా కోసుకున్న ఎముక పట్టీ పీకేసి కొత్తది వేశారు. తీగలన్నీ మళ్లీ కుడిచేతి వాటానికి తిప్పారు. పాత ఫ్రెట్లు తీసి కొత్తవి దిగ్గొట్టారు. తెల్లబడ్డ చోట సాన పట్టి, రంగు కలిపి, మూడు పూతలు పాలిష్ వేశారు. ఆయన చేతి పని అంటే మాటలు కాదు. నాలుగో రోజుకి ఆ గిటారు షాపులోంచి అప్పుడే దిగినట్టుంది. “ఇంక మూడు వేలకి రూపాయి తగ్గినా ఇవ్వకండి,” అన్నది నేనే. ఏలీయా వేళ్లు అరగదీసిన చోటు మాయమైపోయిందని నాకు ఒక్క క్షణం కూడా తోచలేదు. మంచి పని చూస్తే మాలాంటివాళ్లకి ఇంకేమీ కనపడదు, అదే మా జబ్బు.

పంతొమ్మిదో రోజు సాయంత్రం శాంతకుమారి పిల్లని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ ఎనిమిది వందలూ కొంగున ముడేసి అలాగే తెచ్చింది.

“బడి నుంచి రావడం, చేట ఒళ్లో పెట్టుకుని వాయించడం, ఇదే పనండీ దానికి,” అని చెప్పింది. “ఆయన లాగే ఎడమ చేత్తో. కొట్టబోయి చెయ్యి ఆపేసుకున్నాను. ఆయన చెయ్యే కదండీ అది. గిటారు ఎలాగూ చేజేతులా అమ్ముకున్నాను, ఆ చెయ్యి అయినా ఉండనీ అనిపించింది. ఇంకెప్పుడూ కొట్టనని, నాన్న గిటారు తెచ్చిస్తానని దానికి మాటిచ్చాను. అమ్మేశారా?”

అమ్మలేదు. గోడకి అందరికీ కనిపించేటట్టు నిగనిగలాడుతూ వేలాడుతోంది. మాస్టారు దాన్ని దించి పిల్ల ఒళ్లో పెట్టారు.

“ఇది నాన్నది కాదు,” అంది హెప్సి.

మాస్టారు గిటారు పొట్టలోకి దీపం చూపించారు. లోపల అతికించిన కాగితం మీద నీలం సిరాతో ఏలీయా అని వంకర అక్షరాలున్నాయి. అప్పుడు నమ్మింది. తండ్రిని చూసినట్టే చూసుకుంది ఆ పేరుని. గిటారుని తండ్రి పట్టుకున్నట్టే పట్టుకుని, కుడి చేతి రెండు వేళ్లు మెడ మీద సరిగ్గా పెట్టుకుని, ఎడమ చేతి బొటనవేలితో పై తీగ మీటింది. ధుమ్మని మోగాల్సిన చోట సన్న తీగ కీచుమంది. మళ్లీ మీటింది. మళ్లీ అదే. తీగల వైపు ఒకసారి చూసి, తన ఎడమ చేతి వైపు చూసుకుంది. ఆ చెయ్యి ఎన్ని దెబ్బలు తిందో దానికి తెలుసు. ఎవరూ చెప్పకుండానే గిటారుని తిరగేసుకుని కుడి చేత్తో మీటింది. మందం తీగ గంభీరంగా మోగింది.

హెప్సి తలెత్తి మాస్టారిని అడిగింది. “నాన్న తప్పుగా పట్టుకునేవాడా?”

మాస్టారు దాని ముందు నేల మీద కూర్చుని, “లేదు తల్లీ, నాన్నదే కరెక్టు. నేనే మార్చేశాను. రెండు రోజులు ఆగు, మళ్లీ నాన్న కట్టినట్టే కట్టిస్తాను,” అని బతిమాలారు. చెబుతూ చెబుతూ ఏడ్చేశారు కూడా. పెద్దవాళ్లు ఏడుస్తూ చెప్పే మాట పిల్లలు నమ్మరు, ఓదార్పు కోసం అంటున్నారనుకుంటారు. హెప్సి తల అడ్డంగా ఊపింది.

“తప్పుది వద్దు,” అంది.

శాంతకుమారి కొంగు ముడి విప్పి, “పోనీలెండి. కుడిదే అలవాటైతే రేపు దానికే మంచిది,” అంది. ఆవిడ గొంతులో ఎవరి మీదా నిష్ఠూరం లేదు. మాస్టారు డబ్బు తీసుకోలేదు. ఇద్దరూ మెట్లు దిగి వెళ్లారు. గిటారు తల్లి మోసింది. పిల్ల తన ఎడమ చెయ్యి గౌను జేబులో దాచుకుని పక్కన నడిచింది. నేను హార్మోనియం మీదకి వంగి, లేని రిపేరు ఏదో వెతుక్కుంటూ కూర్చున్నాను. ఆ చెయ్యి మాత్రం నాకు ఇప్పటికీ కళ్లల్లో మెదులుతూనే ఉంటుంది.

మాస్టారు చెప్పడం అక్కడ ఆపేశారు. లోపలి గదిలో ఆరు గిటార్లూ చీటీలతో వేలాడుతున్నాయి. కెజియా వాటి వైపు చూడలేదు.

“తర్వాత నేర్చుకుందాండీ ఆ అమ్మాయి?” అని మెల్లగా అడిగింది.

“ఏడాది తిరిగేసరికి ఆ గిటారు మళ్లీ ఇక్కడికే వచ్చింది. వాళ్ల మేనమామ తెచ్చాడు అమ్మడానికి.”

రెండేళ్లుగా ఏ గిటారు గడప తొక్కినా ముందుగా అడిగే మాటే మళ్లీ కెజియా నోటికొచ్చింది. “ఎలా ఉంది మాస్టారూ?”

మాస్టారు ఆకురాయి చేతిలోకి తీసుకున్నారు.

“ఫ్రెట్ల మీద ఒక్క గీత లేదమ్మా. అసలు వాడినట్టే లేదు. మంచి ధరే కట్టాను.”