దొరగారి మొదటి దెబ్బ

జమీందారు బలభద్రరాజుగారి బిలియర్డ్స్ బల్లకి రాతి పలక పరిచినవాడు సిద్ధన్న. పైన నీళ్ళు పోస్తే చుక్క కూడా ఏ పక్కకీ జారనంత సమంగా చెక్కాడు.

మర్నాడే దొరగారు సిద్ధన్నని కూడా ఓ పక్కన నిలబెట్టి, అతిథుల ముందు ఆట మొదలుపెట్టారు. ముక్కోణంగా పేర్చిన బంతుల్ని తెల్లబంతితో ఒక్క దెబ్బకి చెదరగొట్టాలి. ఆయన ఒంట్లో బలమంతా పెట్టి కర్రతో పొడిచారు. కర్ర పక్కవాటుగా తగిలి, తెల్లబంతి ఎగిరి వెళ్ళి కిటికీ అద్దం పగలగొట్టింది. పేర్చిన బంతులు పేర్చినట్టే ఉన్నాయి. మూడుసార్లు కొట్టినా అదే వరస.

"నా గురికి తిరుగులేదు. పలకే వంకర! ఒరేయ్ సిద్ధన్నా, నీ సుత్తితో నువ్వే దాన్ని ముక్కలు చెయ్యి" అని దొరగారు గర్జించారు.

సిద్ధన్న సుత్తి ముట్టుకోలేదు.

"చిత్తం దొరా. అంతకుముందు ఇంకొక్క దెబ్బ వెయ్యండి. మీ గాజు హుక్కాని మాత్రం బల్ల అవతలి గట్టు మీద పెట్టించండి. తమ గురికి తిరుగులేదు కదా, దానికేం భయం?"

అతిథులంతా చూస్తున్నారు. హుక్కా చూస్తే తాతగారి నాటిది. దొరగారు ఆ రోజు మొదటిసారి వంగి, కర్ర వెంట చూపు నిలిపి, ఊపిరి బిగబట్టి, ముందున్న బంతికి సరిగ్గా నడిమధ్య తగిలేలా పొడిచారు. తెల్లబంతి అక్కడే ఆగిపోయింది. మిగతావి నాలుగు మూలలకీ పరుగెత్తాయి.

"ఇప్పుడెలా సరయిందిరా నీ పలక?" అన్నారు దొరగారు తెల్లబోయి.

సిద్ధన్న సుత్తి భుజానికెత్తుకున్నాడు.

"పలకని నిన్ననే సరిచేశాను దొరా. ఇవాళ సరిచేసింది తమరి చేతిని."