వెంపలిమొక్కకు దేశబహిష్కారం

రత్నగిరి అని ఒక రాజ్యం ఉండేదట. దాన్నేలే కీర్తిభానుడికి లోకంలో రెండే మక్కువలు: ఒకటి తన మల్లెతోట, రెండోది తన మాట. సెలవు లేనిదే తన తోటలో గరిక కూడా మొలవదని చెప్పుకునేవాడు. కాదనే మగాడేడీ!

ఒకనాడు చెప్పాపెట్టకుండా తోటకు వెళ్ళాడు. మల్లెసాళ్ళ నడుమ మోకాలెత్తున వెంపలి! రాజుగారి మీసాలు అదిరాయి.

"ఏమిరా గంగులూ, ఈ పిచ్చిమొక్కలేమిటి?"

"చిత్తం, నేనే చల్లాను ప్రభూ. పూత పట్టగానే దున్ని..." అంటున్నాడు ముసలి తోటమాలి.

"నోర్ముయ్! చోటిచ్చావు సరే, రేపు దానికి నిచ్చెనలు కూడా వేస్తావు. రాజ్యం విడిచి పో!"

పక్కనే ఉన్న పేరిభట్టు గుండె కలుక్కుమంది. కొలువులో మాటకారి ఆయనే. ఈ వయసులో గంగులు ఏ మట్టిని నమ్ముకుంటాడు? పోనీ క్షమించమందామా అంటే, వద్దన్నకొద్దీ బిగుసుకునే రాజాయె. అందుకే ఎదురు తిరక్కుండా వెంట నడిచాడు.

"ఈ శిక్ష చాలదు ప్రభూ! అసలు నేరస్థురాలు వెంపలి. ముందు దాన్ని దేశం దాటించాలి, తర్వాతే గంగులును."

"భేష్!" అన్నాడు రాజు.

"కాకపోతే తమ తాతగారు పెట్టిన ఆచారం ఒకటుంది. ఎవరిని వెళ్ళగొట్టాలన్నా ముందు టముకు వేయించాలి. వాళ్ళవల్ల మేలు పొందినవాళ్ళుంటే కొలువుకొచ్చి చెప్పుకోవాలి."

"గడ్డికి సాక్షులా! వేయించవయ్యా, చూద్దాం," అని రాజు పకపకా నవ్వాడు.

మర్నాడు కొలువు తీరింది. ఒక్కరూ రాలేదు. పేరిభట్టు మాటిమాటికీ గుమ్మం వైపు చూశాడు. రాజు కోపం తెలిసీ ఒక మొక్క కోసం ఎవరు నోరు విప్పుతారు? ఈ సంగతి తనకు ముందే తట్టలేదేమని తనను తానే తిట్టుకున్నాడు. గంగులు అప్పటికే మూట కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"సాక్షులేరయ్యా?" అన్నాడు రాజు.

"నేనున్నాను నాయనా," అంటూ అంతఃపురం వైపు నుంచి రాజమాత వచ్చింది. చేతిలో వెంపలి వేరు. "పసితనంలో నీకు కడుపులో బల్ల పెరిగి పొట్ట ఉబ్బిపోయింది. వైద్యులందరూ పెదవి విరిచారు. ఈ వేరు కషాయం కాచి పోస్తే లేచి కూర్చున్నావు."

రాజు ఆ వేరును చేతిలోకి తీసుకుని చూశాడు. "చేదుగా ఉండేదా అమ్మా?" అన్నాడు మెల్లగా.

"మొదటి గుక్క నా మొహాన ఉమ్మేశావు."

సభంతా నవ్వు బిగబట్టుకుంది. ముందుగా నవ్వింది రాజే. దాంతో జనానికి ధైర్యం వచ్చింది. ఈ వేరుతో పళ్ళు తోముకుంటే పంటిపోటు తగ్గిందని ఒక అవ్వ, మొక్కను దున్నేస్తే చవిటి చేను దారికొచ్చిందని ఒక రైతు... కొలువు కిటకిటలాడింది.

"గంగులూ, నా మల్లెలకూ ఇదేనా?"

"ఏటేటా ఇదే ప్రభూ. దున్ని మట్టిలో కలిపేస్తే అదే ఎరువు. ఏలినవారు తోటకొచ్చేలోపు పని అయిపోయేది. ఈసారి తమరే ముందొచ్చారు."

"మరి నాకెవరూ చెప్పలేదేం?"

"చెప్పబోయినవాడు మూట కట్టుకుని గుమ్మంలో ఉన్నాడు ప్రభూ," అన్నాడు పేరిభట్టు.

రాజు తల దించుకున్నాడు. తన భుజాన ఉన్న పట్టుశాలువ తీసి పేరిభట్టుకు కప్పాడు.

"మొక్క సంగతి తీర్పు చెప్పండి ప్రభూ!" అన్నారు జనం.

"శిక్ష తప్పదు," అన్నాడు రాజు గంభీరంగా. "ఏటేటా అది నా తోటలో పుట్టాలి, నా తోట మట్టిలోనే కలవాలి. దగ్గరుండి ఆ శిక్ష అమలు జరిపేవాడు గంగులు."

ఈసారి అందరికంటే గట్టిగా గంగులే నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ.